ముట్టుకోకుండా చెయ్యెత్తింది

ఆకుపచ్చ దీపం వెలగ్గానే వరసలో నిలబడ్డ అమ్మాయిల చేతులన్నీ ఒక్కసారే పైకి లేచాయి. టప్ టప్‌మని ఒకదాని వెంట ఒకటి పేలాయి. మా అన్న కూతురి చేతిలో పిస్టల్ మాత్రం పేలలేదు. మూడు సెకన్లు గడిచాయి, ఎర్రదీపం పడింది. వెనక కుర్చీల్లో కూర్చున్న మా అన్న నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అమ్మాయి వెనక్కి తిరగలేదు, పిస్టల్ వైపు వంగి కూడా చూడలేదు. కుడిచేత్తో పట్టిన పిడి వదలకుండా, గొట్టం గురిపలకల వైపే ఉంచి, ఎడమచెయ్యి పైకెత్తి నిలబడింది.

రేంజ్ ఆఫీసర్ వచ్చి చూశాడు. అంతకుముందు పేలిన తూటా తాలూకు ఖాళీ తొడుగు (పోలీసులూ ఎన్‌సీసీ పిల్లలూ ఖోకా అంటారు) బయటికి ఎగిరిపోకుండా స్లయిడ్ సందులో ఇరుక్కుని చిన్న పొగగొట్టంలా నిటారుగా నిలబడి ఉంది. ఆయన తల ఊపాడు. లోపం తుపాకీది, షూటర్‌ది కాదని రాసుకున్నాడు. ఆగిపోయిన సిరీస్‌కి మరో అవకాశం దక్కింది.

నాలుగేళ్ల కిందట సరిగ్గా ఇలాగే జరిగింది. అప్పుడు క్లబ్బు పిస్టల్. ఖోకా ఇరుక్కోగానే పిల్ల రెప్పపాటులో ఎడమచేత్తో స్లయిడ్ వెనక్కి లాగి దులిపేసింది. ఎవరి చెయ్యయినా అలాగే పోతుంది. కుట్టుమిషన్‌లో దారం చిక్కుకుంటే మనం ఎవరినీ అడిగి లాగం కదా. కానీ పోటీలో షూటర్ తన చేత్తో తుపాకీ యంత్రాంగాన్ని ముట్టుకున్న క్షణం ఆ లోపం ఆమె ఖాతాలో పడుతుంది. వెయ్యని గుండ్లన్నీ సున్నాలే. ఆ రోజు గచ్చిబౌలి నుంచి ఉప్పల్ దాకా పిల్ల ఏడుస్తూనే ఉంది. ఈసారి బయటికి రాగానే నా వైపు చూసి అన్న మొదటి మాట: “ముట్టుకోలే బాబాయ్.”

ఆ రెండు మాటల వెనక నాలుగేళ్ల చదువుంది. పతకాలొచ్చిన రోజు పేపర్లో ఫోటోలు వేస్తాం, కోచ్ పేరు రాస్తాం, తల్లిదండ్రులు ఏం అమ్ముకున్నారో రాస్తాం. చేతిలో ఉన్న ఆ యంత్రాన్ని ఎలా తెచ్చుకున్నారో, అది మొరాయిస్తే ఏం చేస్తారో మాత్రం ఎవరమూ రాయం. మా ఇంట్లో రెండు దిగుమతి తుపాకులున్నాయి గనక ఆ సంగతి నేను రాస్తున్నాను.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. సెమీ ఆటోమేటిక్ అనగానే చాలామందికి సినిమాలో ధనధనా పేలే తుపాకీ కళ్లముందు ఆడుతుంది. అది పూర్తి ఆటోమేటిక్. ట్రిగ్గర్ వదిలేదాకా, లేదా తూటాలు అయిపోయేదాకా పేలుతూనే ఉంటుంది. సెమీ ఆటోమేటిక్‌లో ఒక్క నొక్కుకి ఒక్క గుండే. మళ్లీ పేలాలంటే వేలు వదిలి మళ్లీ నొక్కాలి. మధ్యలో ఖాళీ తొడుగును బయటికి నెట్టడం, మ్యాగజైన్‌లోంచి కొత్త తూటాను గదిలోకి ఎక్కించడం తుపాకీ తనంతట తాను చేసుకుంటుంది.

డల్లాస్‌లో ఉంటున్న మా పెద్దనాన్న కొడుక్కి ఒక పాయింట్ 22 సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఉంది. అమెరికాలో 1964 నుంచి తయారవుతున్న రూగర్ 10/22 అనే రకం. పది తూటాల గుండ్రటి మ్యాగజైన్ దానిది. దుకాణంలో ఫారం నింపించుకుని, నేరచరిత్ర ఉందేమో సరిచూసి, చేతికిచ్చారట. ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లి డబ్బాలు కొట్టి వస్తాడు. వీడియో కాల్‌లో అది చూసి మా అన్న కొడుకు, పదిహేనేళ్లవాడు, “మనమూ అట్లాంటిది తెచ్చుకోవచ్చా?” అని అడిగాడు. తెచ్చుకోలేం. మన ఆయుధ నిబంధనల మొదటి షెడ్యూల్లో పిస్టళ్లు, రివాల్వర్లు మూడో తరగతిలో ఉంటాయి. మిగిలిన సెమీ ఆటోమేటిక్ తుపాకులు మొదటి తరగతి కిందికి పోతాయి. వాటికి లైసెన్సు ఇచ్చే అధికారం కలెక్టర్‌కీ లేదు, పోలీస్ కమిషనర్‌కీ లేదు, కేంద్ర హోంశాఖదే. పైగా ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో సెమీ ఆటోమేటిక్‌కి చోటే లేదు. 10 మీటర్లయినా 50 మీటర్లయినా ప్రతి గుండూ చేత్తో ఎక్కించుకోవాల్సిందే. 2024 పారిస్‌లో 50 మీటర్ల రైఫిల్‌లో కాంస్యం తెచ్చిన స్వప్నిల్ కుసాలే కూడా ప్రతి గుండుకీ బోల్టు వెనక్కి లాగి ముందుకు తోసినవాడే. అంచేత మన ఊళ్లో ఆటకోసం చట్టబద్ధంగా చేతికందే సెమీ ఆటోమేటిక్ అంటే 25 మీటర్ల పోటీకి వాడే పాయింట్ 22 స్పోర్ట్ పిస్టల్. రైఫిల్ అంటే గాలితో పేలేదో, బోల్టు లాగేదో.

ఈ రెంటిలోనూ మన నగరానికి పెద్ద పేరే ఉంది. చెన్నైలో పుట్టి హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2003 అక్టోబర్‌లో ఇక్కడే జరిగిన ఆఫ్రో–ఏషియన్ క్రీడల్లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచాడు. తొమ్మిదేళ్ల తర్వాత 2012 జూలై 30న లండన్‌లో 701.1 పాయింట్లతో ఒలింపిక్ కాంస్యం అందుకున్నాడు. 2005 జనవరి 1న పుట్టిన ఈషా సింగ్ తొమ్మిదేళ్ల వయసులో గచ్చిబౌలి రేంజ్‌లో తొలిసారి తుపాకీ చూసింది. 2018లో, పదమూడేళ్లకే, తిరువనంతపురంలో జాతీయ ఛాంపియన్ అయింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. ఆ స్వర్ణం 25 మీటర్ల పిస్టల్ జట్టు విభాగంలో వచ్చింది, అంటే సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌తోనే. పుట్టుకతోనే వినికిడి లేని ధనుష్ శ్రీకాంత్ 2022 మేలో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచాడు. మా ఇంటి పిల్లలు గోడకి అంటించుకున్నవి ఈ ముగ్గురి బొమ్మలే.

వీళ్ల చేతుల్లో ఉండే తుపాకుల ఊళ్లు వేరు. జర్మనీలో ఉల్మ్ అనే ఊళ్లో వాల్థర్, అన్‌షుట్జ్ ఉన్నాయి. రెండూ రెండో ప్రపంచయుద్ధం దాకా జెల్లా మేలిస్‌లో ఉండి, యుద్ధం తర్వాత ఉల్మ్‌లో కొత్తగా మొదలుపెట్టినవే. నెకర్ నది ఒడ్డున ఒబెర్న్‌డార్ఫ్‌లో ఫైన్‌వెర్క్‌బౌ. పిస్టళ్లకు స్విట్జర్లాండ్ మోరినీ, ఇటలీ పార్దినీ, ఆస్ట్రియా స్టేయర్. ఎయిర్ రైఫిల్ గురిపలకలో పదో వలయం అర మిల్లీమీటరు చుక్క. పోటీలో అరవై గుండ్లు, గంటా పావు సమయం. పది మీటర్ల దూరం నుంచి ఆ చుక్కని మళ్లీ మళ్లీ తాకాలంటే గొట్టం లోపలి నునుపు, ట్రిగ్గర్ బరువు, గాలి ఒత్తిడి వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండాలి. మహారాష్ట్రలో ప్రిసిహోల్ వంటి దేశీయ సంస్థలు ఎయిర్ రైఫిళ్లు చేస్తున్నాయి, అది సంతోషించాల్సిన విషయం. జాతీయ స్థాయికి వెళ్లే పిల్ల మాత్రం ఇప్పటికీ దిగుమతి తుపాకీ కోసమే చూస్తుంది.

ఆ దిగుమతి దుకాణంలో బేరమాడి తెచ్చుకునేంత తేలిక కాదు. 1980ల మధ్య నుంచి మన దేశంలో మామూలు పౌరులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకోవడానికి వీల్లేదు. షూటర్లకు మాత్రం దారి ఉంచారు. 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘం, ఎన్‌ఆర్‌ఏఐ, నిర్ణయించిన అర్హత స్కోరు జాతీయ పోటీల్లో కొట్టి పేరున్న షూటర్ అనిపించుకోవాలి. ఆ తర్వాత సంఘం సిఫారసు, దిగుమతి అనుమతి, లైసెన్సులో నమోదు. 2019 సవరణతో మామూలు లైసెన్సుదారు ఉంచుకోగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి, లైసెన్సు కాలం మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. అలా తగ్గించినా 2020 ఫిబ్రవరిలో కేంద్రం క్రీడాకారులకు ప్రత్యేక మినహాయింపులు ఇచ్చింది. రెండుకు మించిన విభాగాల్లో పేరున్న షూటర్లు, అంతర్జాతీయ పతకాలున్నవాళ్లు పన్నెండు దాకా ఉంచుకోవచ్చు. 21 ఏళ్లు నిండితే తప్ప మామూలు లైసెన్సు రాదు. మా అమ్మాయి 22వ ఏట తన పేరుమీద పిస్టల్ తెచ్చుకుంది. అప్పటిదాకా క్లబ్బువే.

గాలి తుపాకీకి ఇంత లేదు. గొట్టం 4.5 మిల్లీమీటర్లకు మించకుండా, శక్తి 20 జౌళ్లలోపు ఉంటే లైసెన్సు అక్కర్లేదు. పోటీ ఎయిర్ రైఫిల్ శక్తి ఏడెనిమిది జౌళ్ల దగ్గరే ఉంటుంది. అందుకే చాలా ఇళ్లలో తొలి అడుగు దాంతోనే. అయితే లైసెన్సు అక్కర్లేదంటే బొమ్మ అని కాదు. దగ్గర్నుంచి తగిలితే కన్ను పోతుంది. మా ఇంట్లో రెండు తుపాకులూ ఒకే ఇనప బీరువాలో ఉంటాయి, తాళంచెవి మా వదిన దగ్గర ఉంటుంది. తూటాలు వేరే అరలో, వేరే తాళంలో. పెల్లెట్ డబ్బాలూ అంతే. బీరువాలోంచి తీసిన క్షణం నుంచి గొట్టంలో రంగు తీగ, అంటే గది ఖాళీగా ఉందని చూపే జెండా, ఉండాల్సిందే. చుట్టాలొచ్చి “ఏదీ, ఒకసారి చూపించండి” అంటే వదిన చూపించదు. అడిగినవాళ్లు నొచ్చుకున్నా సరే. నాకది చాలా నచ్చుతుంది.

అన్నవాళ్లుండేది అన్నోజిగూడలో. ఉప్పల్, బోడుప్పల్, మేడిపల్లి, నారపల్లి దాటి వరంగల్ రోడ్డు మీద పోతుంటే ఇన్ఫోసిస్ పోచారానికి ముందొచ్చే ఊరు. షూటింగ్ రేంజ్ ఉన్నది నగరానికి ఆ చివర, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే నేరుగా రాయదుర్గంలో దిగొచ్చు, ఒక్క మార్పు లేదు. కానీ ఆయుధంతో మెట్రో ఎక్కనివ్వరు. గాలి తుపాకీ అయినా స్కానర్ దగ్గరే ఆపేస్తారు. అది సబబే. కాబట్టి నారపల్లి నుంచి ఉప్పల్ దాకా ఏళ్లుగా సాగుతున్న పైవంతెన పనుల దుమ్ములో స్తంభాలు లెక్కపెట్టుకుంటూ కారులోనైనా పోవాలి, లేదా ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కి నగరం చుట్టూ సగం తిరిగి పోవాలి. ఎటుపోయినా ఎండాకాలంలో తుపాకీ, తూటాలు కారులోనే ఉంటాయి. మాకు తొలి దెబ్బ తగిలింది అక్కడే.

మే నెలలో ఒక మధ్యాహ్నం తిండికని ఆగి, తూటాల డబ్బా వెనక సీటు మీద వదిలేశారు. పాయింట్ 22 తూటాలో సీసపు గుండు మీద పల్చగా మైనం పూత ఉంటుంది. గొట్టంలో జారడానికే ఆ పూత. మూసిన కారులో ఎండకి అది మెత్తబడి, కరిగి, మళ్లీ ఒకవైపు గడ్డకట్టింది. ఆ సాయంత్రం గురి అటూ ఇటూ తిరిగింది, రెండుసార్లు తూటా గదిలోకి పూర్తిగా ఎక్కలేదు. పిల్ల తన చెయ్యే వణుకుతోందనుకుని వారం రోజులు దిగులుపడింది. కోచ్ డబ్బా తెరిచి ఒక తూటా గోటితో గీకి చూపించేదాకా మాకెవరికీ తట్టలేదు. ఇప్పుడు తూటాలు థర్మోకోల్ పెట్టెలో ప్రయాణిస్తాయి.

ఈ పాయింట్ 22 రకాన్ని రిమ్‌ఫైర్ తూటా అంటారు. దాని సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే సగం జబ్బులు అక్కడివే. పెద్ద తూటాలకు అడుగున మధ్యలో నిప్పు పుట్టించే బిళ్ల ఉంటుంది. పాయింట్ 22లో ఆ మందు అడుగు అంచు లోపల చుట్టూ పరిచి ఉంటుంది. తుపాకీలోని సూది (ఫైరింగ్ పిన్) ఆ అంచుని కొడితే మందు అంటుకుంటుంది. మందు ఒకచోట సమంగా పరుచుకోకపోయినా, సూది కొస అరిగినా, సూది దారిలో మసి పేరుకున్నా దెబ్బ చాలదు. ట్రిగ్గర్ పడిన చప్పుడు వస్తుంది, పేలదు. మిస్‌ఫైర్ అంటారు. పేలితే పుట్టిన వాయువు తొడుగుని వెనక్కి తంతుంది, ఆ తన్నుతోనే స్లయిడ్ వెనక్కి పోతుంది, కొక్కెం తొడుగుని లాగుతుంది, ఒక పన్ను అడ్డం తగిలి తొడుగు పక్కకి ఎగురుతుంది, స్ప్రింగు స్లయిడ్‌ని ముందుకు తోస్తూ కింద మ్యాగజైన్‌లోంచి పై తూటాను లోపలికి నెడుతుంది. ఇదంతా కన్ను పట్టలేనంత వేగంగా జరగాలి. మైనం, మసి కలిసిన నల్లటి జిగురు కొక్కెం కింద చేరితే తొడుగు జారిపోతుంది. స్ప్రింగు అలిసినా, మ్యాగజైన్ పెదవులు కాస్త విచ్చుకున్నా తూటా ముక్కు పైకి లేచి ఇరుక్కుంటుంది. ఇంకోటి ఉంది, దాన్ని ఒప్పుకోవడానికి షూటర్‌కి మనసు రాదు. మణికట్టు వదులైతే చెయ్యి కూడా వెనక్కి పోయి స్లయిడ్‌కి పూర్తి తన్ను అందదు. నలభై, యాభై గుండ్ల తర్వాత చెయ్యి అలిసినప్పుడే జామ్‌లు ఎక్కువవుతున్నాయంటే తప్పు తుపాకీలో ఉండకపోవచ్చు.

మరి ఇన్నింటిలో ఏదని ఎలా తేల్చడం? కోచ్ నేర్పింది చాలా మామూలు పద్ధతి. మ్యాగజైన్లకు ఒకటి, రెండు, మూడు అని నెయిల్ పాలిష్‌తో అంకెలు వేయించాడు. జామ్ అయిన ప్రతిసారీ ఏ మ్యాగజైన్, ఏ డబ్బా తూటా, ఎన్నో గుండు, శుభ్రం చేసి ఎన్ని గుండ్లయింది, ఎండా వానా, అన్నీ నోటుబుక్కులో రాయాలి. ఒక్కసారి ఒక్కటే మార్చాలి. తూటా, స్ప్రింగు, మ్యాగజైన్ అన్నీ కలిపి మార్చేస్తే జబ్బు పోవచ్చు గాని ఎందుకు పోయిందో తెలియదు, పోటీ రోజు తిరిగొస్తుంది. ఆ నోటుబుక్కు ఇప్పుడు మూడోది నడుస్తోంది.

శుభ్రం చేయడంలో మా అన్న చేసిన పొరపాటూ చెప్పాలి. వానాకాలం తుప్పు పడుతుందేమోనని కుట్టుమిషన్ నూనె ధారాళంగా పోశాడు. కొంచెం నూనె మంచిదే. ఎక్కువైతే మసిని పట్టుకుని ముద్ద చేస్తుంది. మూడు రోజుల తర్వాత స్లయిడ్ మొద్దుబారింది. తీసిచూస్తే కాటుకలా ఉంది. గాలి రైఫిల్ దగ్గరికైతే ఆ సీసాని రానివ్వకూడదు. లోపలి రబ్బరు బిళ్లలకి పడని నూనె తగిలితే అవి ఉబ్బి గాలి కారుతుంది.

గాలి రైఫిల్ జబ్బులు వేరు. దానికి గొట్టం కింద సిలిండర్ ఉంటుంది, 200 బార్ ఒత్తిడితో గాలి నింపుతారు. సిలిండర్ మీద తయారైన నెల, సంవత్సరం చెక్కి ఉంటాయి. జర్మన్ కంపెనీలు ఇచ్చే గడువు పదేళ్లు. ఆ తేదీ దాటకుండా చూసుకునే బాధ్యత షూటర్‌దేనని అంతర్జాతీయ సమాఖ్య నిబంధనల్లోనే ఉంది. పాత రైఫిల్ చౌకగా దొరికిందని కొనేవాళ్లు ముందు చూడాల్సింది ఆ తేదీ, గొట్టం కాదు. అన్న కొడుకు ఆడేది ఈ గాలి రైఫిల్‌తోనే. దానికి గాలి అయిపోయినప్పుడల్లా రేంజ్ దాకా పోవాల్సి వస్తోందని అన్న ఒకరోజు నాచారం పారిశ్రామికవాడలో వెల్డింగ్ గ్యాస్ అమ్మే దుకాణానికి వెళ్లాడు. ఆక్సిజన్ కూడా గాలేగా అనుకున్నాడు. దుకాణంలో పెద్దాయన సిలిండర్ చేతిలోకి తీసుకుని ఎందుకని అడిగి, విషయం వినగానే తిరిగిచ్చేశాడు. అంత ఒత్తిడిలో ఆక్సిజన్‌కి చిటికెడు నూనో గ్రీజో తగిలితే నిప్పు పుట్టి పేలిపోతుందని కేకలేశాడు. ఆయన పేరు కూడా మాకు తెలియదు. మా ఇంటిల్లిపాదీ ఆయనకి రుణపడి ఉన్నాం. తుపాకీలో నింపేది తేమ తీసిన మామూలు గాలి మాత్రమే. తేమ ఉంటే లోపల తుప్పు.

పెద్ద వేదికల మీద ఇవన్నీ ఇంకా పెద్దవై కనబడతాయి. 2021 జూలై 25, టోక్యో. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ అర్హత పోటీలో మనూ భాకర్ పిస్టల్ మధ్యలో మొరాయించింది. తీసుకుని మరమ్మతు గదికి పరుగెత్తాల్సి వచ్చింది. గడియారం ఆగలేదు. తిరిగొచ్చేసరికి 38 నిమిషాలుంటే 44 గుండ్లు వెయ్యాలి. 575తో పన్నెండో స్థానం, ఫైనల్‌కి రెండు పాయింట్లు తక్కువ. మూడేళ్ల తర్వాత పారిస్‌లో ఆమె రెండు కాంస్యాలు గెలిచిన సంగతి అందరికీ తెలుసు. నాకు మాత్రం ఆ 575 కూడా గొప్పదే. పిస్టల్ విప్పి బిగించి వచ్చిన చేతులతో అన్నేసి పదులు కొట్టడం మాటలు కాదు. అంతకుముందు 2008లో బీజింగ్ ఫైనల్‌కి ముందు అభినవ్ బింద్రా సన్నాహక గుండు వేస్తే 4లో పడిందట, సైట్లు కదిలి ఉన్నాయని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. ఆ కొద్ది నిమిషాల్లో సైట్ మీటలు తిప్పి మళ్లీ మధ్యకి తెచ్చుకున్నాడు. చివరి గుండు 10.8, స్వర్ణం. తన సైటు ఒక్క క్లిక్కు తిప్పితే గుండు ఎంత జరుగుతుందో చేతికి తెలిసి ఉండబట్టే అది సాధ్యమైంది. అందుకే మావాడు సైటు అంకెలు పుస్తకం అట్ట మీద రాసుకున్నాడు, మరల మీద పెన్నుతో సన్నగీత గీసుకున్నాడు. మర కదిలితే గీత తెగినట్టు కనిపిస్తుంది.

ఇంతవరకూ ఇంట్లో చేసుకోగల పనులు. భాగం విరిగితే ఏం చెయ్యాలన్నదే నన్ను నిజంగా బాధపెట్టే ప్రశ్న. రెండేళ్ల కిందట పిస్టల్ ట్రిగ్గర్ తేడా చేసింది. 25 మీటర్ల పోటీలో ట్రిగ్గర్ కనీసం వెయ్యి గ్రాముల బరువు మొయ్యాలి, తూచి చూస్తారు. ఆ బరువు నిలవట్లేదు. అన్నోజిగూడ నుంచి కొంచెం దూరం పోతే నాచారం, మల్లాపూర్, చర్లపల్లి వాడల్లో లేత్ మీద మైక్రాన్ల తేడా పట్టే మనుషులున్నారు. ఈసీఐఎల్, అణు ఇంధన సంస్థ ఈ వైపే ఉన్నాయి. క్షిపణి భాగాలు చేసే ఊరు మనది. అయినా ఆ పిస్టల్‌ని వాళ్లలో ఎవరి చేతికీ ఇవ్వకూడదు. ఆయుధ చట్టం ఐదో సెక్షన్ ప్రకారం తుపాకీ బాగుచేయడానికి కూడా ప్రత్యేక లైసెన్సు కావాలి. ఆ నిబంధన అవసరమే, దాన్ని సడలించమని నేననను. అడ్డదారి మరమ్మతులు మొదలైతే ఎక్కడికి పోతాయో ఊహించగలం. కానీ లైసెన్సున్న పాత గన్‌స్మిత్‌లకు డబుల్ బ్యారెల్, రివాల్వర్ బాగా తెలుసు, ఈ పోటీ పిస్టళ్ల ట్రిగ్గర్లతో పని తక్కువ. పేరు చెప్పి పంపగల మనిషి ఇక్కడ మాకు ఒక్కరూ దొరకలేదు. లైసెన్సు కాగితాలు, ప్రయాణ పత్రాలు పట్టుకుని అన్న పుణె వెళ్లి ఇచ్చొచ్చాడు. చిన్న స్ప్రింగు ముక్క విదేశం నుంచి రావాలన్నారు. ఆరు వారాలు. ఈలోగా ఒక ఎంపిక పోటీ వెళ్లిపోయింది.

ప్రపంచకప్ పోటీల్లో తుపాకీ కంపెనీల మనుషులే బల్లలు వేసుకుని కూర్చుంటారు, ఏ దేశపు షూటరైనా వెళ్లి చూపించుకోవచ్చు. తూటా కంపెనీలకు బర్మింగ్‌హామ్‌లో, షోనెబెక్‌లో పరీక్షాశాలలున్నాయి, గొట్టం పట్టుకెళ్తే దానికి ఏ లాటు తూటా పడుతుందో బిగించి కాల్చి చూపిస్తారు. ఒకే పేరు తూటాల్లోనూ లాటు మారితే పలక మీద గుండ్లు పడే గుంపు మారుతుంది. అంత దూరం మన పిల్లలందరూ పోలేరు. గచ్చిబౌలి రేంజ్‌లో ఒక గది, లైసెన్సు పొందిన ఇద్దరు నిపుణులు, ట్రిగ్గర్ తూచే రాయి, తరచూ పోయే స్ప్రింగులు, బిళ్లలు ఒక డ్రాయర్ నిండా. ఇదేమీ కోట్ల పని కాదు. కంపెనీల దగ్గరికి ఆర్నెల్లు పంపి నేర్పిస్తే ఐటీఐలో ఫిట్టర్ చదివిన పిల్లలు చక్కగా చేస్తారు. పతకం తెచ్చినవాళ్లకి ప్రకటించే నజరానాలో పిసరంత చాలు. వరంగల్, కరీంనగర్‌ల నుంచి వచ్చే పిల్లలకి మాకంటే ఎక్కువ అవసరం అది. మేం కనీసం పుణె పోగలిగాం.

పోటీ అయిన ఆదివారం రాత్రి అన్నోజిగూడ ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద పాత పేపర్లు పరిచారు. తూటాల డబ్బా ముందే బీరువాలోకి పోయింది. అమ్మాయి గది ఖాళీగా ఉందని మూడుసార్లు చూసి, తమ్ముడికి చూపించి, అప్పుడు విప్పింది. వాడు సన్నటి కర్రపుల్లతో కొక్కెం కింద గీకితే నల్లటి ముక్క ఆవగింజంత ఊడి పేపరు మీద పడింది.

“ఇదేనా అక్కా?”

“తెల్వదు. రెండో నంబరు మ్యాగజైన్‌తోనే మూడుసార్లయింది.”

మూడు మ్యాగజైన్లూ పక్కపక్కన పెట్టి, కళ్లు చిట్లించి, పెదవుల మధ్య సందు చూసింది. రెండోదానికి ఒకవైపు పెదవి కొంచెం విచ్చుకున్నట్టు నాకూ కనిపించింది, అదీ ఆమె చెప్పాక. దాన్ని ప్లయర్‌తో నొక్కేద్దామా అని అన్న లేచాడు. “వద్దు నాన్నా, ముట్టుకోకు” అంది. ఎర్రదారం చుట్టి దాన్ని వేరే డబ్బాలో వేసింది. కొక్కెం తుడిచింది, ఒక్క చుక్క నూనె గుడ్డకి అద్ది రాసి, ఆ గుడ్డతోనే మళ్లీ తుడిచేసింది. నోటుబుక్కు తీసి తేదీ వేసి రాసుకుంది: మ్యాగజైన్ 2, మూడో గుండు, శుభ్రం చేసి 310 గుండ్లు. మంగళవారం ఒకటో నంబరుతో, అదే లాటు తూటాలతో వంద.